ఫోన్ నుంచి ఫొటోలు, వీడియోలు వెళ్లనప్పుడు: తరచుగా అడిగే ప్రశ్నలు

మామూలు అక్షరాల సందేశం వెళ్తుంది, ఫోన్ మాట్లాడుతుంది, నెట్ కూడా పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది. ఫొటో జతచేసి పంపితే మాత్రం చక్రం తిరుగుతూనే ఉంటుంది, లేదా ఎర్రని ఆశ్చర్యార్థకం పడి ఊరుకుంటుంది. ఇలాంటప్పుడు చాలామంది కంటికి కనిపించిన సెట్టింగునల్లా మార్చి చూస్తారు. చివరికి దేనివల్ల బాగయిందో, దేనివల్ల కొత్త చిక్కు వచ్చిపడిందో తెలియకుండా పోతుంది. సందేశం ఏ మజిలీలో ఆగిపోయిందో ముందు తెలుసుకుని, ఆ మజిలీకి సంబంధించినదాన్ని మాత్రమే సరిచేయడం మేలు. కింది జవాబులన్నీ ఆ ఉద్దేశంతోనే రాసినవి.

మామూలు సందేశాలు వెళ్తున్నాయి కదా, ఫొటో మాత్రం ఎందుకు వెళ్లదు?

రెండూ వెళ్లే దారులు వేరు. అక్షరాల సందేశం, అంటే ఎస్ఎంఎస్, 140 బైట్లకు మించని చిన్న మూట. ఫోన్‌కూ టవర్‌కూ మధ్య కాల్స్ కలపడం వంటి పనులకు వాడే సంకేతాల దారిలోనే అది వెళ్లిపోతుంది కాబట్టి దానికి మొబైల్ డేటా అవసరం ఉండదు. ఫొటో సందేశం, అంటే 2002లో వాణిజ్యపరంగా మొదలైన ఎంఎంఎస్, అలా కాదు. మీ ఫోన్ ఆ ఫొటోను డేటా ద్వారా మీ ఆపరేటరు నడిపే ఎంఎంఎస్‌సీ అనే కేంద్రానికి ఎక్కిస్తుంది. ఆ కేంద్రం అవతలి ఫోన్‌కు 'మీకు ఒక ఫొటో వచ్చింది, ఇక్కడి నుంచి తీసుకోండి' అని చిన్న కబురు పంపుతుంది. ఆ కబురు అందుకున్న ఫోన్ తన వంతుగా డేటా తెరిచి ఫొటోను దించుకుంటుంది.

అంటే ఒక్క ఫొటో వెనుక ఎక్కించడం, కబురు చేరడం, దించుకోవడం అనే మూడు పనులు ఉన్నాయి. మీ తెరపై 'పంపడం విఫలమైంది' అని వస్తే మొదటి పని దగ్గరే ఆగిందని అర్థం. మీ వైపు వెళ్లిపోయినట్టు కనిపించి, అవతలివారు రాలేదంటుంటే మీ ఫోన్‌లో వెతకడం వృథా ప్రయాస.

నేను పంపేది ఎంఎంఎస్ అవునో కాదో ఎలా తెలుసుకోవాలి?

ఫోన్‌తోపాటు వచ్చే మెసేజెస్ యాప్ ఒకటే అయినా, దాని లోపల రెండు మూడు రకాల సందేశాలు నడుస్తుంటాయి. ఐఫోన్‌లో నీలం బుడగ ఐమెసేజ్, అంటే ఆపిల్ పరికరాల మధ్య ఇంటర్నెట్‌పై నడిచేది. ఆకుపచ్చ బుడగ ఎస్ఎంఎస్, ఎంఎంఎస్, ఆర్‌సీఎస్‌లలో ఏదో ఒకటి. ఆర్‌సీఎస్ అంటే ఎస్ఎంఎస్‌కు బదులుగా వచ్చిన, ఇంటర్నెట్‌పై నడిచే కొత్త రకం సందేశం. ఆండ్రాయిడ్‌లో గూగుల్ మెసేజెస్ వాడేవారికి రాసే పెట్టెలో 'ఆర్‌సీఎస్' అన్న మాట కనిపిస్తే ఆ సందేశం ఇంటర్నెట్‌పై వెళ్తుంది, కనిపించకపోతే పాత దారే. 2024 సెప్టెంబరులో వచ్చిన ఐఓఎస్ 18 నుంచి ఐఫోన్ కూడా ఆర్‌సీఎస్‌ను అర్థం చేసుకుంటుంది. అయితే ఆపరేటరు మద్దతు ఉంటేనే.

ఇది తెలుసుకోవడం ఎందుకంటే, ఐమెసేజ్‌కూ ఆర్‌సీఎస్‌కూ వాట్సాప్‌కూ ఏదో ఒక ఇంటర్నెట్ ఉంటే చాలు, వైఫై అయినా సరిపోతుంది. ఎంఎంఎస్‌కు చాలా నెట్‌వర్క్‌లలో మొబైల్ డేటాయే కావాలి.

అన్నిటికంటే ముందు ఏమి చూడాలి?

విమానం గుర్తు ఆన్‌లో ఉందేమో, మొబైల్ డేటా ఆఫ్‌లో ఉందేమో చూడండి. వేరే ఊరో దేశమో వెళ్లి ఉంటే రోమింగ్ డేటా అనుమతి ఉందో లేదో చూడండి. వీపీఎన్, అంటే మీ నెట్‌ను వేరే సర్వర్ గుండా మళ్లించే యాప్, నడుస్తుంటే ఆపండి. ఎంఎంఎస్ కేంద్రం సాధారణంగా ఆపరేటరు సొంత వలయం లోపలి నుంచి వచ్చేవారికే తలుపు తీస్తుంది, వీపీఎన్ మిమ్మల్ని బయటి నుంచి వచ్చినవారిగా చూపించవచ్చు. తరువాత ఫోన్ ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేసి, ఒకే ఒక్క చిన్న ఫొటో పంపి చూడండి. ఆ చిన్న ఫొటో వెళ్లిందంటే సెట్టింగ్‌ల జోలికి పోనక్కరలేదు, సమస్య పరిమాణానిదే.

ఇంట్లో వైఫై బాగానే ఉంది. అయినా మొబైల్ డేటా ఎందుకు ఆన్ చేయాలి?

పైన చెప్పినట్టు ఎంఎంఎస్ కేంద్రం మీ ఆపరేటరు వలయంలో ఉంటుంది, మీ వైఫై మాత్రం వేరే సంస్థ వలయంలో ఉండవచ్చు. అందుకే వైఫై ఆన్‌లో ఉన్నా, ఫోన్ ఫొటో పంపే క్షణానికి మొబైల్ డేటా తలుపు తట్టి, పని ముగించుకుని వెనక్కి వస్తుంది. ఆ తలుపు మూసి ఉంటే సందేశం అక్కడే నిలిచిపోతుంది. కొందరు ఆపరేటర్లు వైఫై కాలింగ్‌తోపాటు వైఫైపై ఎంఎంఎస్‌ను కూడా అనుమతిస్తారు గానీ, అందరూ అనుమతిస్తారని నమ్ముకోవడానికి లేదు.

ఫొటోలు వెళ్తున్నాయి, వీడియోలు మాత్రం వెళ్లడం లేదు. కారణం ఏమిటి?

దాదాపు ఎప్పుడూ కారణం బరువే. ఎంఎంఎస్‌కు ఆపరేటర్లు పెట్టిన గరిష్ఠ పరిమాణం చాలాచోట్ల 300 కేబీ నుంచి 1 ఎంబీ మధ్య ఉంటుంది, కొన్నిచోట్ల కొంచెం ఎక్కువ. మరోవైపు ఐఫోన్ కెమెరా సెట్టింగ్‌లలో ఆపిల్ చూపించే లెక్క ప్రకారం, సమర్థమైన కొత్త ఫార్మాట్‌లో తీసినా, ఒక్క నిమిషం వీడియో 1080పీ నాణ్యతలో సెకనుకు 30 ఫ్రేములతో సుమారు 60 ఎంబీ, 4కేలో 30 ఫ్రేములతో 170 ఎంబీ, 60 ఫ్రేములతో 400 ఎంబీ తూగుతుంది. 300 కేబీ పట్టే సంచిలో 60 ఎంబీ కుక్కాలంటే రెండు వందల వంతులు తగ్గించాలి. ఫొటోను ఫోన్ తనంతట తానే కుదించి ఎలాగో సరిపెడుతుంది. వీడియోను అంతగా కుదిస్తే మనుషుల ముఖాలు మసకబారిన చుక్కలుగా మిగులుతాయి, లేదా ఫోన్ చేతులెత్తేస్తుంది.

కాబట్టి ఎంఎంఎస్‌లోనే పంపక తప్పని పరిస్థితి ఉంటే, పంపదలచిన కొద్ది సెకన్ల ముక్కను మాత్రం కత్తిరించి పంపండి. తీయబోయే ముందే తెలిస్తే కెమెరా నాణ్యత తగ్గించి తీయండి. మిగిలిన అన్ని సందర్భాలలో నా సలహా ఒకటే: నిమిషాల నిడివి గల వీడియోకు ఎంఎంఎస్ తగిన వాహనం కాదు, ఇంటర్నెట్‌పై నడిచే సందేశ యాప్‌లో గానీ క్లౌడ్ లింకుగా గానీ పంపండి. సెట్టింగ్‌లు ఎన్ని మార్చినా ఆపరేటరు పెట్టిన పరిమితి మారదు.

ఇంటర్నెట్ యాప్‌లలో కూడా వీడియో ఆలస్యమైతే వెంటనే చెడిపోయిందనుకోవద్దు. నెట్ వేగం గురించి చెప్పేటప్పుడు అందరూ దించుకునే వేగమే చెబుతారు. ఎక్కించే వేగం చాలా కనెక్షన్లలో అంతకంటే తక్కువ. 60 ఎంబీ అంటే 480 మెగాబిట్లు. ఎక్కించే వేగం సెకనుకు 2 మెగాబిట్లయితే, అవాంతరం ఏదీ లేకుండా సాగినా 4 నిమిషాలు పడుతుంది. ఈలోగా తెర ఆరిపోతే బ్యాటరీ సేవర్ ఆ యాప్‌ను నిద్రపుచ్చవచ్చు. పెద్ద వీడియో వెళ్తున్నంతసేపు యాప్‌ను తెరిచే ఉంచండి.

ఏపీఎన్ సెట్టింగ్‌లు సరిచూడమంటారు. అవి ఏమిటి, ఎలా సరిచూడాలి?

ఏపీఎన్ అంటే మీ ఫోన్ ఆపరేటరు డేటా వలయంలోకి ప్రవేశించే ద్వారం చిరునామా. ఇంటర్నెట్‌కు ఒక చిరునామా సరిపోతుంది, ఎంఎంఎస్‌కు అదనంగా ఎంఎంఎస్‌సీ చిరునామా, కొన్ని నెట్‌వర్క్‌లలో ఎంఎంఎస్ ప్రాక్సీ, పోర్ట్ సంఖ్య కూడా కావాలి. అందుకే ఇంటర్నెట్ చక్కగా నడుస్తున్నా ఎంఎంఎస్ ఒక్కటే పనిచేయకపోవడం సాధ్యం, ముఖ్యంగా సిమ్ వేరే ఆపరేటరుకు మార్చినప్పుడు, వేరే దేశంలో కొన్న ఫోన్ వాడుతున్నప్పుడు.

ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లోని మొబైల్ నెట్‌వర్క్ విభాగంలో మీ సిమ్‌ను ఎంచుకుంటే 'యాక్సెస్ పాయింట్ నేమ్స్' అన్నది దొరుకుతుంది. మెనూల పేర్లు కంపెనీని బట్టి కొద్దిగా మారుతుంటాయి. అక్కడ మూడు చుక్కల గుర్తులో 'రీసెట్ టు డిఫాల్ట్' అన్నది మొదట నొక్కండి. చాలాసార్లు ఫోన్ సిమ్‌ను గుర్తించి సరైన విలువలు తానే నింపుకుంటుంది. అలా జరగకపోతే, మీ ఆపరేటరు అధికారిక సహాయ పేజీలో ఉన్న విలువలను ఒక్క అక్షరం తేడా రాకుండా ఎక్కించండి. చివర్లో పొరపాటున పడిన ఖాళీ కూడా చిరునామాను చెడగొడుతుంది. ఏపీఎన్ టైప్ అన్న గడిలో ఎంఎంఎస్ అన్న మాట లేకపోవడం తరచుగా జరిగే లోపం, దాన్ని ప్రత్యేకంగా చూడండి. ఏదైనా మార్చేముందు ఉన్న విలువలకు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

ఐఫోన్‌లో ఈ విలువలు ఆపరేటరు పంపే సెట్టింగ్‌ల ద్వారా తామే వస్తాయి, చాలా నెట్‌వర్క్‌లలో వాటిని మార్చే వీలు కూడా ఉండదు. సెట్టింగ్స్, జనరల్, అబౌట్ పేజీ తెరిచి కొద్ది క్షణాలు ఆగితే, కొత్త ఆపరేటరు సెట్టింగ్‌లు ఉంటే అప్‌డేట్ చేయమని అడుగుతుంది. మెసేజెస్ సెట్టింగ్‌లలో 'ఎంఎంఎస్ మెసేజింగ్' మీట ఆన్‌లో ఉందో లేదో కూడా అప్పుడే చూడండి.

నా ఫోన్‌లో రెండు సిమ్‌లు ఉన్నాయి. ఒకదాని నుంచి ఫొటో వెళ్లదు.

సందేశాలకు ఒక సిమ్, డేటాకు ఇంకో సిమ్ పెట్టుకున్నవారికి ఈ చిక్కు తరచుగా వస్తుంది. ఒక సిమ్ నంబరు నుంచి పంపే ఎంఎంఎస్ ఆ సిమ్ డేటా మీదే వెళ్లాలి. కొన్ని ఫోన్లు ఆ క్షణానికి డేటాను తామే రెండో సిమ్‌కు మార్చి మళ్లీ వెనక్కి తెస్తాయి, కొన్ని ఆ పని చేయవు. ఏ నంబరు నుంచి ఫొటో పంపుతున్నారో ఆ సిమ్‌కే తాత్కాలికంగా డేటా ఇచ్చి చూడండి.

వాట్సాప్‌లో గడియారం గుర్తే కనిపిస్తోంది, లేదా ఒకే టిక్కు దగ్గర ఆగిపోయింది. ఏమి చేయాలి?

ఆ గుర్తులు సమస్య ఎక్కడుందో నేరుగా చెబుతాయి. గడియారం ఉందంటే సందేశం ఇంకా మీ ఫోన్ దాటలేదు. మీ ఇంటర్నెట్టే చూడాలి. వైఫై గుర్తు నిండుగా ఉన్నా దాని వెనుక నెట్ లేకపోవచ్చు. బయటి ప్రదేశాల్లోని ఉచిత వైఫై, బ్రౌజర్‌లో అంగీకారం తెలిపేదాకా దేన్నీ వదలదు. వైఫై ఆపి మొబైల్ డేటాతో ఒకసారి, డేటా ఆపి వైఫైతో ఒకసారి పంపితే ఏది లోపమో తేలిపోతుంది. డేటా సేవర్ ఆన్‌లో ఉంటే ఆ యాప్‌కు మినహాయింపు ఇవ్వండి.

ఒక టిక్కు పడిందంటే మీ పని పూర్తయింది. అవతలి ఫోన్ ఆఫ్‌లో ఉండవచ్చు, నెట్ లేకపోవచ్చు, లేదా వారు మీ నంబరును నిరోధించి ఉండవచ్చు. ఒక టిక్కు చూసి అదే ఫొటోను పదిసార్లు పంపితే, అవతలివారు నెట్ ఆన్ చేసుకోగానే ఆ పదీ ఒక్కసారిగా వచ్చి పడతాయి.

జతచేద్దామంటే ఫొటోయే కనిపించడం లేదు. కనిపించినా, 'సిద్ధం చేస్తోంది' అంటూ కదలడం లేదు.

కనిపించకపోవడానికి కారణం అనుమతి. 2020లో వచ్చిన ఐఓఎస్ 14, 2023లో వచ్చిన ఆండ్రాయిడ్ 14 నుంచి, మీ ఫొటోలన్నిటికీ కాకుండా మీరు ఎంచుకున్న కొన్నిటికే ఒక యాప్‌కు అనుమతి ఇవ్వవచ్చు. గోప్యతకు మేలు చేసే ఈ ఏర్పాటును ఎప్పుడో ఒకసారి ఎంచుకుని మరిచిపోతాం, ఆ తరువాత తీసిన ఫొటోలు ఆ యాప్‌కు కనిపించవు. యాప్ అనుమతుల్లోకి వెళ్లి అదనపు ఫొటోలను చేర్చండి, లేదా పూర్తి అనుమతి ఇవ్వండి.

కదలకపోవడానికి కారణం వేరు, దీన్ని చాలామంది ఊహించరు. ఫోన్‌లో జాగా మిగల్చడానికి అసలు ఫొటోను క్లౌడ్‌లో ఉంచి, ఫోన్‌లో చిన్న నకలు మాత్రమే మిగిల్చే సౌకర్యాలు ఉన్నాయి. ఐఫోన్‌లోని 'ఆప్టిమైజ్ ఐఫోన్ స్టోరేజ్' అలాంటిదే. గ్యాలరీలో ఫొటో ఉన్నట్టే కనిపిస్తుంది గానీ, పంపాలంటే ఫోన్ ముందు దాన్ని దించుకుని, ఆపై ఎక్కించాలి. పాత వీడియోల విషయంలో ఈ రెండు దఫాల ప్రయాణం బాగా తెలుస్తుంది. ముందు గ్యాలరీలోనే ఆ వీడియోను తెరిచి, అది పూర్తిగా దిగాక పంపండి. ఫోన్‌లో జాగా పూర్తిగా నిండిపోయి ఉంటే కుదించిన నకలు రాసుకోవడానికి కూడా చోటుండదు కాబట్టి, కొంత ఖాళీ చేయండి.

తేదీ, సమయం తప్పుగా ఉంటే సందేశాలు ఆగుతాయా?

ఆగుతాయి. యాప్‌కూ సర్వర్‌కూ మధ్య జరిగే భద్రమైన పరిచయంలో సర్వర్ చూపే ధ్రువపత్రానికి గడువు తేదీలు ఉంటాయి. మీ ఫోన్ తేదీ ఆ గడువు బయట ఉంటే అనుసంధానం కుదరదు. తేదీ, సమయం స్వయంచాలకంగా ఉండేలా పెట్టండి.

నేను ఫొటో ఏదీ జతచేయలేదు. తెలుగులో పొడవైన సందేశం రాస్తే ఎంఎంఎస్‌గా మారి ఆగిపోయింది. ఎందుకు?

తెలుగులో రాసేవారందరూ తెలుసుకోవలసిన సంగతి ఇది. ఇంగ్లిషు అక్షరాలతో ఒక ఎస్ఎంఎస్‌లో 160 పడతాయి. తెలుగు లిపి వాడగానే ఆ సంఖ్య 70కి పడిపోతుంది, పైగా ఫోన్ లెక్క మన లెక్కలాంటిది కాదు. గుణింతపు గుర్తులు, పొల్లు, సున్నా అన్నీ విడివిడిగా లెక్కకు వస్తాయి. 'నమస్కారం' మన కంటికి నాలుగు అక్షరాలు, ఫోన్ లెక్కలో ఎనిమిది. 70 దాటిన సందేశాన్ని ఫోన్ 67 చొప్పున ముక్కలు చేసి పంపుతుంది, ముక్కల సంఖ్య మరీ ఎక్కువైతే కొన్ని యాప్‌లు మొత్తాన్ని ఎంఎంఎస్‌గా మార్చేస్తాయి. మొబైల్ డేటా ఆఫ్‌లో ఉంటే అది అక్కడే ఆగిపోతుంది. సందేశాన్ని రెండు మూడుగా విడగొట్టి పంపితే వెళ్తుంది. కొందరు ఆపరేటర్ల దగ్గర ఒక్కో ముక్కకూ, ఎంఎంఎస్‌కూ వేరుగా రుసుము పడవచ్చు, అది కూడా గమనించండి.

నేను పంపాను, అవతలివారికి 'డౌన్‌లోడ్' అని మాత్రమే కనిపిస్తోందట.

కబురు చేరింది, దించుకోవడం మిగిలింది. వారు మొబైల్ డేటా ఆన్ చేసి ఆ మాటపై నొక్కాలి. వారి సెట్టింగ్‌లలో ఎంఎంఎస్ స్వయంగా దించుకునే మీట ఆఫ్‌లో ఉండవచ్చు. 2015 జులైలో ఆండ్రాయిడ్‌లో స్టేజ్‌ఫ్రైట్ అనే భద్రతా లోపం బయటపడినప్పుడు, దురుద్దేశంతో తయారుచేసిన వీడియో తనంతట తాను దిగకుండా ఆ మీటను ఆపమని సలహా ఇచ్చారు. తెలియని నంబర్ల నుంచి వచ్చేవాటి విషయంలో ఆ జాగ్రత్త ఇప్పటికీ మంచిదే. ఆపరేటరు కేంద్రం ఫొటోను కొంతకాలమే దాచి ఉంచుతుంది కాబట్టి, ఆలస్యమైతే మళ్లీ పంపవలసి రావచ్చు.

వారి నెట్‌వర్క్‌లో అసలు ఈ సేవే లేకపోవడం కూడా సాధ్యం. జర్మనీలో వోడాఫోన్ 2023 జనవరిలో ఎంఎంఎస్‌ను నిలిపివేసింది. విదేశీ నంబర్లకు ఫొటో పంపాలంటే ఇంటర్నెట్ యాప్‌లే నమ్మదగిన దారి.

ఐఫోన్ మార్చి ఆండ్రాయిడ్ తీసుకున్నాను. అప్పటి నుంచి కొందరి సందేశాలు, ఫొటోలు నాకు చేరడం లేదు.

బహుశా మీ నంబరు ఇంకా ఐమెసేజ్‌లో నమోదై ఉంది. ఐఫోన్ వాడే మిత్రులు పంపినవి మీ దగ్గర లేని దారిలో వెళ్తున్నాయి. పాత ఐఫోన్ చేతిలో ఉంటే అందులో మళ్లీ సిమ్ వేసి ఐమెసేజ్ ఆపండి. ఫోన్ ఇచ్చేసి ఉంటే, నంబరు ఇచ్చి, వచ్చిన కోడ్ నింపి నమోదు రద్దు చేసుకునే పేజీ ఆపిల్ వెబ్‌సైటులో ఉంది. ఆర్‌సీఎస్ వాడిన పాత ఆండ్రాయిడ్ ఫోన్ విషయంలోనూ ఇదే జరగవచ్చు. దాన్ని పక్కన పెట్టేముందు ఆర్‌సీఎస్ చాట్స్ ఆఫ్ చేయండి.

క్యాష్ తుడవమని, యాప్ తీసేసి మళ్లీ వేసుకోమని, నెట్‌వర్క్ రీసెట్ చేయమని అంటారు. ఏది ప్రమాదం లేనిది?

ఈ మూడింటినీ ఒకే గాటన కట్టి చెప్పడం వల్ల కొందరు ఏళ్ల తరబడి దాచుకున్న సంభాషణలు, కుటుంబ ఫొటోలు పోగొట్టుకున్నారు. అందుకే కాస్త నిదానంగా చదవండి. 'క్లియర్ క్యాష్' తాత్కాలిక ఫైళ్లను మాత్రమే తీసేస్తుంది; దానివల్ల సందేశాలు పోవు. దాని పక్కనే ఉండే 'క్లియర్ స్టోరేజ్' లేదా 'క్లియర్ డేటా' వేరు: వాట్సాప్ వంటి యాప్‌లో దాన్ని నొక్కితే, బ్యాకప్ చేయని చాట్‌లన్నీ ఆ ఫోన్ నుంచి తుడిచిపెట్టుకుపోతాయి. యాప్‌ను తీసేసినా ఫలితం అదే. ముందు బ్యాకప్ పూర్తయిందని తేదీతో సహా చూసుకోకుండా ఆ రెండింటినీ ముట్టుకోవద్దు.

నెట్‌వర్క్ సెట్టింగ్‌ల రీసెట్ మీ ఫొటోలను, సందేశాలను ఏమీ చేయదు. కానీ ఐఫోన్‌లో అది దాచిపెట్టుకున్న వైఫై పాస్‌వర్డ్‌లను, వీపీఎన్ అమరికలను తుడిచేస్తుంది, ఆండ్రాయిడ్‌లోనూ ఎంచుకున్న రీసెట్‌ను బట్టి అలాగే జరుగుతుంది. వైఫై పాస్‌వర్డ్ చేతిలో ఉంచుకుని, మిగతావన్నీ ప్రయత్నించాకే ఆ పని చేయండి. ఫోన్‌ను కొత్తదానిలా మార్చే ఫ్యాక్టరీ రీసెట్ అవసరం ఈ సమస్యకు దాదాపు ఎప్పుడూ రాదు.

వెళ్తున్నాయి గానీ, చేరేసరికి మసకగా ఉంటున్నాయి. అసలు నాణ్యతతో ఎలా పంపాలి?

సందేశ యాప్‌లు వేగం కోసం ఫొటోను కుదించే పంపుతాయి. వాట్సాప్‌లో పంపేముందు కనిపించే హెచ్‌డీ గుర్తు నొక్కితే కుదింపు తగ్గుతుంది. గ్యాలరీ నుంచి కాకుండా డాక్యుమెంట్‌గా జతచేస్తే ఫైలు ఉన్నదున్నట్టు వెళ్తుంది, 2 జీబీ వరకు అనుమతి ఉంది. అలా వెళ్లే ఫొటోలో అది తీసిన స్థలం వివరాలు కూడా ఉండిపోవచ్చు, అపరిచితులకు పంపేటప్పుడు గుర్తుంచుకోండి. ఐఫోన్‌లో తీసిన ఫైలు అవతలి పాత ఫోన్‌లో తెరుచుకోకపోతే, అది హెచ్ఈఐసీ ఫార్మాట్ కావచ్చు; కెమెరా సెట్టింగ్‌లలో ఫార్మాట్స్ కింద 'మోస్ట్ కంపాటిబుల్' ఎంచుకుంటే ఇకపై తీసేవి జేపీఈజీగా వస్తాయి.

ఇవన్నీ చేశాను. ఆపరేటరుకు ఫోన్ చేస్తే ఏమి చెప్పాలి?

'ఫొటోలు వెళ్లడం లేదు' అని మాత్రమే చెబితే ఫోన్ ఆపి ఆన్ చేయమన్న జవాబే వస్తుంది. చిన్న ఫొటో కూడా వెళ్లడం లేదని, ఏపీఎన్ విలువలు సరిచూశానని, అదే సిమ్‌ను ఇంకో ఫోన్‌లో వేసినప్పుడు ఏమి జరిగిందో చెప్పండి. ఆ సిమ్ ఇంకో ఫోన్‌లో పనిచేస్తే లోపం మీ ఫోన్‌ది, అక్కడా పనిచేయకపోతే మీ నంబరుకు ఎంఎంఎస్ సేవ తెరిచి లేకపోవచ్చు. ఆ సేవ నా నంబరుకు తెరిచి ఉందా, నా ప్లానులో చేరి ఉందా, అనుమతించే గరిష్ఠ పరిమాణం ఎంత అన్న మూడు ప్రశ్నలకు సూటిగా జవాబు అడగండి. అంతవరకు, పంపవలసిన అసలు ఫొటోను, వీడియోను ఫోన్ నుంచి తీసేయకండి.